ఎనిమిది మిల్లీమీటర్లు లేచిన మేడ

"అది గాలికి ఎగిరి కింద ఎవరి నెత్తినైనా పడితేనో?" అన్నాను.

అప్పటికి ఆ రేకు ఇంకా మేడ మీదికి రానేలేదు. కింద పార్కింగులో టెంపోలోంచి దించుతున్నారు. మా అమ్మాయి వైశాలి నా వైపు తిరక్కుండానే, "అమ్మా, ముందు దాన్ని లిఫ్టులో పట్టనీ. పడ్డం సంగతి తర్వాత చూద్దాం" అంది.

లిఫ్టులో పట్టలేదు. పన్నెండు అంతస్తులూ మెట్ల మీద నించే మోశారు. మోసినంతసేపూ నేను వెనకే ఎక్కుతూ "జాగ్రత్త నాయనా, కాలు జారేను" అంటూ ఉంటే, వాళ్ళు "ఆంటీజీ, ఆప్ థోడా హటియే" అని నన్ను పక్కకి జరగమంటూ వచ్చారు. ఏడో అంతస్తు దగ్గర మా వారు ఉమాశంకర్ గారు నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. "సుభా, నువ్విలా వెనకాల ఉంటే వాళ్ళు నిజంగానే జారతారు" అన్నారు.

మేము ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఉంటాం. పన్నెండో అంతస్తు మాది, దానిపైన ఇక ఆకాశమే. నీళ్ళ ట్యాంకులు, డిష్షులు, పావురాలు ఉండే ఆ మేడ మీద ఒక మూల ఈ రేకు వచ్చి కూర్చుంది. చూడ్డానికి ఏముంది, గజం పొడుగున్న అల్యూమినియం రేకులు మూడింటిని అట్టపెట్టె మూలలాగా కలిపి, మూడు కాళ్ళ ఇనపస్టాండు మీద ఆకాశంలోకి నోరు తెరిపించి పెట్టారు. నేలకి బోల్టులు కొడతామంటే సొసైటీ సెక్రటరీ భరద్వాజ్ గారు ఒప్పుకోలేదు, మేడకి చిల్లు పడితే వానలో అందరి ఇళ్ళూ కారతాయని. అందుకని కాళ్ళ మీద ఇసకబస్తాలు వేశారు. బోల్టుల్లేవని తెలిశాక నేను ఆ బస్తాలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

"దీని మీద బట్టలారేయకు. వడియాలు పెట్టకు. పావురాలకి గింజలు వెయ్యకు. అసలు ముట్టుకోకు. సమఝ్ గయీ?" అంది వైశాలి.

"నాకెందుకే దాంతో పని" అన్నాను. అప్పుడు నిజంగానే అలా అనుకున్నాను.

ఇక మా అమ్మాయి చేసే ఉద్యోగం గురించి చెప్పాలి. పదేళ్ళుగా చెప్పడానికి ప్రయత్నిస్తున్నాను, ఎవరికీ ఎక్కించలేకపోతున్నాను. తెలుగు సంఘంలో ఉగాదికి కలిసినప్పుడు "అమ్మాయి ఏం చేస్తోందండీ" అని అడుగుతారు. "భూమి మీద పరిశోధన" అంటే "వ్యవసాయమా?" అంటారు. "శాటిలైట్లతో" అంటే "వాతావరణ శాఖా? ఈ ఆదివారం వాన పడుతుందేమో కనుక్కోండి" అంటారు.

ముందు గోవాలో ఆరేళ్ళు సముద్రం మీద చదివింది. సముద్రం అనగానే నేను మూడు రోజులు అన్నం మానేశాను. మాది బాపట్ల. అక్కడి సముద్రం ఎలాంటిదో నాకు తెలుసు, మా వీధిలో ఇద్దర్ని పట్టుకుపోయింది. అయితే ఆ ఆరేళ్ళలో ఆ పిల్ల పాదం తడిసింది బీచికి వెళ్ళినప్పుడే. చదువంతా కుర్చీలోనే. పైనించి శాటిలైటు సముద్రం ఎత్తు కొలుస్తుందిట. సముద్రం ఎత్తేమిటే, నీళ్ళు సమానంగా ఉండవూ అంటే ఉండవుట. అడుగున పెద్ద కొండ ఉంటే అది చుట్టుపక్కల నీళ్ళని తన వైపు లాక్కుంటుందిట. పెళ్ళింట్లో పెద్దావిడ ఎక్కడ కూర్చుంటే జనం అక్కడ మూగినట్టు నీళ్ళన్నీ అక్కడ మూగి కాస్త ఉబ్బుతాయిట. రెండు కిలోమీటర్ల కొండ ఉంటే పైన నీళ్ళు రెండు మీటర్లు. ఆ ఉబ్బు చూసి, కింద కొండ ఉందని చెప్పడమే మా పిల్ల చదివిన చదువు. హిందూ మహాసముద్రంలో మూడు కొండలు చెప్పింది.

"నువ్వు చూశావా?" అని అడిగాను.

"లేదు."

"మరెవరు చూశారు?"

"ఇంకా ఎవరూ చూడలేదమ్మా."

"ఎవరూ చూడని కొండలకి నీకు డాక్టరేటు ఇచ్చారా?"

ఆ మాటకి వాళ్ళ నాన్న అరగంట నవ్వారు. ఏడాది తిరక్కుండా ఒక ఓడ ఆ దారినే వెళ్ళి కిందికి శబ్దం పంపి కొలిస్తే, మూడింట్లో రెండు చెప్పిన చోటే ఉన్నాయి. మూడోదాని మీదికి ఇంకా ఓడ వెళ్ళలేదు. అది లేకపోతే ఉన్న డాక్టరేటు వెనక్కి తీసుకుంటారేమోనని నాకు ఇప్పటికీ ఒక మూల దిగులు.

తర్వాత ఢిల్లీలో ఉద్యోగం వచ్చింది. సముద్రం వదిలి నేల పట్టుకుంది, హమ్మయ్య అనుకున్నాను. ఇక్కడ పని ఏమిటంటే, మనం బోర్లు వేసి నీళ్ళు తోడేస్తుంటే నేల ఎక్కడ ఎంత కుంగుతోందో పైనించి చూడ్డం. అదీ అంగుళాల్లో కాదు, మిల్లీమీటర్లలో. పన్నెండు రోజులకోసారి శాటిలైటు మన మీదుగా వెళుతూ చూసుకుంటుందిట. దానికి గుర్తు దొరకడానికి గ్రేటర్ నోయిడాలో ఒక కాలేజీ మేడ మీద, కటవారియా సరాయ్‌లో పిల్లలు అద్దెకుండే ఒక ఇంటి మీద, ఇలా పదకొండు చోట్ల రేకులు పెట్టారు. పదకొండోది మాది. ఇది వైశాలి సొంత ప్రాజెక్టు, ఐదేళ్ళ కష్టం. వాళ్ళ పైఆఫీసరు అన్నపూర్ణేశ్వరి మేడమ్‌ది హైదరాబాదు. మనిషి కఠినం. ఆవిడ "హూఁ" అంటే ఆ రోజు మా ఇంట్లో పాయసం.

మాఘమాసంలో రేకు వచ్చింది. ఫాల్గుణం, చైత్రం బాగానే గడిచాయి. రోజూ పొద్దున్నే పైకి వెళ్ళి దూరంనించే చూసి వచ్చేదాన్ని. వేసవిలో ఒక సాయంత్రం ఆంధీ, అదే దుమ్ముగాలి, వచ్చింది. ఢిల్లీ ఆంధీ సంగతి తెలిసిందేగా, ఒక్క క్షణంలో పగలు రాత్రయిపోయి, ఎవరివో బనియన్లు వచ్చి మన బాల్కనీలో వాలతాయి. తలుపులు వేసుకోవడం మానేసి నేను మేడ మీదికి పరిగెత్తాను. రేకు కదల్లేదు. కానీ వెనకే వచ్చిన వానకి మేడ మీద నీళ్ళు నిలిచాయి. నీళ్ళు పోయే గొట్టంలో పావురం ఈకలు అడ్డుపడ్డాయి. రేకు కాళ్ళు మూడూ చీలమండ లోతు నీళ్ళలో ఉన్నాయి.

ఇనుము నీళ్ళలో నానితే ఏమవుతుంది? తుప్పు పడుతుంది. తుప్పు పడితే కాలు విరుగుతుంది. కాలు విరిగితే రేకు ఒరుగుతుంది. ఒరిగితే పిట్టగోడ దాటుతుంది. కింద సరిగ్గా అక్కడే చిన్నపిల్లల ఉయ్యాలలు. ఇంతదాకా ఆలోచించాక ఇక ఊరుకోలేకపోయాను.

వైశాలి అప్పుడు ఊళ్ళో లేదు. ఏదో సమావేశానికి గోవా వెళ్ళింది. ఫోన్ చేసి చెబితే "ఏం కాదమ్మా" అంటుంది. ముప్ఫై ఏళ్ళుగా తండ్రీకూతుళ్ళిద్దరూ నాకు చెప్పే సమాధానం అదొక్కటే.

పక్క టవర్లో బాత్రూములు బాగుచేస్తున్న మేస్త్రీ మల్లేశం పాలమూరు మనిషి. తెలుగు వినబడితే చాలు, నిచ్చెన దిగి వచ్చి మాట్లాడతాడు. అతన్ని పైకి తీసుకెళ్ళి చూపించాను.

"గింతదానికి ఏడుస్తున్నవా అమ్మా? కాళ్ళ కింద టైలు ముక్కలు పెడితే అయిపాయె. నీళ్ళల్ల నానది" అన్నాడు.

"మా అమ్మాయి ముట్టుకోవద్దంది మల్లేశం."

"ముట్టేది నేను గదా. నువ్వు ముడ్తలేవు."

"తెలిస్తే తిడుతుందేమో."

"చెప్తే గదా తిట్టేది!"

మా బాత్రూము వేయించినప్పుడు మిగిలిన టైళ్ళు అటక మీద ఉన్నాయి. ఒకటి తెస్తే దాన్నే మూడు ముక్కలు కోశాడు. ఇసకబస్తాలు తీసి, ఒక్కో కాలూ ఎత్తి, ముక్క తోసి, మళ్ళీ బస్తాలు యథాతథంగా పేర్చాడు. స్టాండు ఏ మాత్రం ఒరగలేదని మట్టం చూసే నీళ్ళగొట్టం వేసి సరి చూశాడు కూడా. పనిమంతుడు. బస్తాల కింద టైళ్ళు కనబడనే కనబడవు. గొట్టంలో ఈకలూ తీసేశాడు. టీ ఇచ్చి పంపాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఇది జరిగింది నిర్జల ఏకాదశి మర్నాడు. ముందురోజు మా గేటు దగ్గర రూహ్ అఫ్జా షర్బతు పంచారు. ఆ గ్లాసులింకా చెత్తకుండీ నిండా ఉన్నాయి, అందుకే గుర్తు.

ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. ఒక శుక్రవారం వైశాలి ఆఫీసునించి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా తిన్నగా మేడ ఎక్కింది. వెనకే గొడుగు పట్టుకుని నేనూ వెళ్ళాను, సన్నగా తుంపర పడుతోంది. రేకు చుట్టూ మూడుసార్లు తిరిగింది. దాని మీద నీటిబుడగ కొలత పెట్టి చూసింది. బస్తాలు లెక్కపెట్టింది. "పర్‌ఫెక్ట్‌గా ఉంది" అని తనలో తనే అనుకుని, పిట్టగోడకి జారబడి నిలబడిపోయింది.

"ఏమైందమ్మా?"

"బిల్డింగ్ లేచింది."

"ఆఁ?"

"మన బిల్డింగ్ ఎనిమిది మిల్లీమీటర్లు పైకి లేచింది అమ్మా. వేసవిలో, ఒక పన్నెండు రోజుల్లో. లెక్క ఇవాళే తేలింది. మిగతా పది చోట్లా అంతా మామూలే. మనది ఒక్కటే లేచింది. ఏ బిల్డింగూ అలా లేవదు. అంటే నా లెక్క తప్పు."

నాకు ఆఖరి మాట వినబడలేదు. లేచింది అన్న దగ్గరే ఆగిపోయాను. పన్నెండు అంతస్తుల మేడ, ట్యాంకులూ మనుషులూ కార్లూ అన్నీ కలిపి, నేలలోంచి పైకి లేస్తోంది! చిగుళ్ళలోంచి పన్ను ఊడివచ్చినట్టు! ఊడిన పన్ను ఎంతకాలం నిలుస్తుంది?

కిందికి వచ్చి పాస్‌బుక్కులు, ఆధార్ కార్డులు, పసుపు బట్టలో కట్టిన నగలు ఒక సంచిలో సర్ది తలుపు పక్కన పెట్టాను. సాయంత్రం పార్కు బెంచీ మీద ఛాయాదేవి దీదీ కనబడితే ఉండబట్టలేక చెప్పేశాను. ఛాయా దీదీకి చెప్పడమంటే సొసైటీ మైకులో చెప్పడమే. కానీ నేను భయపెట్టాలని చెబితే, జనం సంతోషించారు! మర్నాడు పొద్దున్నకి సొసైటీ వాట్సాప్‌లో ఒకాయన, "ఇందిరాపురంలో అన్నీ కుంగుతుంటే మనదొక్కటే పైకి ఎదుగుతోంది, భారత్ మాతా కీ జై" అని పెట్టాడు. ఇంకొకాయన తన ఫ్లాటు అమ్మకం ప్రకటనలో "రైజింగ్ టవర్" అని రాసుకున్నాడు. మా ఎదురింటావిడ వాస్తు మంచిదని మిఠాయి పంచింది. సంచి సర్దుకున్నది నేనొక్కదాన్నే.

ఇంట్లో మాత్రం మిఠాయి వాతావరణం లేదు. వైశాలి అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతోంది. విషయం మా వారు అడిగి తెలుసుకుని నాకు చెప్పారు. వచ్చే గురువారం పెద్ద కమిటీ ఉందిట. ఐదేళ్ళ పని చూపించాలి. అంత ఎత్తునించి మిల్లీమీటర్లు కొలుస్తున్నామంటున్నారు, నమ్మడం ఎలా అని అడగబోయేది అదొక్కటేట. సరిగ్గా ఇప్పుడే ఈ ఎనిమిది మిల్లీమీటర్లు వచ్చి పడ్డాయి. కారణం చెప్పలేకపోతే పద్ధతే తప్పనుకుంటారు, ప్రాజెక్టు ఆపేస్తారు, పదకొండు రేకులూ పీకేస్తారు. తన లెక్క మీద తనకే నమ్మకం లేనప్పుడు కమిటీ ముందు నిలబడనని, సోమవారం పొద్దున మేడమ్‌కి ఉత్తరం రాసి వెనక్కి తీసుకుంటానని అంటోందిట.

"వెనక్కి తీసుకుంటే ఏమవుతుందండీ?"

"ఐదేళ్ళు గంగలో" అన్నారాయన.

ఆదివారం పదకొండు గంటలకి భరద్వాజ్ గారు వచ్చారు. వెంట మిఠాయి డబ్బా. "భాభీజీ, ముబారక్ హో! డాక్టర్ బిటియా ఒక సర్టిఫికెట్ రాసిస్తే ఆఫీసులో ఫ్రేము కట్టించి పెడతాం, టవర్ లేచిందని" అన్నారు.

గదిలోంచి వైశాలి వచ్చింది. రెండు రోజులుగా జుట్టు దువ్వుకోలేదు. "ఎవరు చెప్పారు అంకుల్ మీకు?" అని ఆయన్ని అడిగి నా వైపు చూసింది. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను. టీ కాగుతూనే ఉంది, చెవులు అటే ఉన్నాయి.

"అంకుల్, టవర్ గురించి ఏమీ రాయలేను. శాటిలైట్‌కి మన టవర్ సరిగ్గా కనబడదు కూడా. టవరూ, చెట్లూ, కార్లూ అన్నీ కలిసి అలుక్కుపోయినట్టుంటాయి. అందులో చుక్కలా మెరిసేది పైనున్న ఆ రేకు ఒక్కటే. మేము కొలిచేది దాన్నే. దాని కింద ఎవరైనా ఒక పుస్తకం పెట్టినా మాకు బిల్డింగ్ లేచినట్టే కనబడుతుంది. కానీ నేను వెళ్ళి చూశాను. రేకు పెట్టింది పెట్టినట్టే ఉంది."

టీ పొంగిపోయింది. స్టవ్ ఆరిపోయింది.

ఏడువందల కిలోమీటర్ల ఎత్తునించి చూసేదానికి నా బాత్రూము టైలు ముక్క కనబడుతుందని ఎవరనుకుంటారు? ఢిల్లీనించి బాపట్ల పదిహేడువందల కిలోమీటర్లు. అందులో దాదాపు సగం దూరంనించి చూస్తున్నారన్నమాట. అంత దూరంనించి మా అమ్మకి నేనే కనబడను.

భరద్వాజ్ గారు వెళ్ళాక మా వారిని వంటింట్లోకి పిలిచి మొత్తం చెప్పాను. విని ఆయన నవ్వు ఆపుకోలేక ఫ్రిజ్జు పట్టుకున్నారు.

"నవ్వుతారేమిటండీ, పిల్ల ఉద్యోగం పోతుంటే!"

"పోదు. పోకముందే చెప్పు. ముప్ఫై అయిదేళ్ళు గవర్నమెంటులో చేశాను సుభా. నొక్కిపెట్టిన ఫైలు ఎప్పుడూ సమసిపోదు, లావవుతుంది. ఇవాళే పైకి పంపు."

"మీరు చెప్పండి."

"టైలు పెట్టింది నువ్వు. సంతకం నీదే ఉండాలి."

మధ్యాహ్నం మూడయింది. స్టూలు వేసుకుని అటక మీద మిగిలిన టైలొకటి తీశాను. తుడిచాను. చీరకొంగులో చుట్టాను. వైశాలి గదిలో కూర్చుని ఆ ఉత్తరం టైపు చేస్తోంది. వెళ్ళి టైలు ఆ కంప్యూటరు పక్కన పెట్టాను.

"ఏమిటిది?"

"ఇలాంటిదే. మూడు ముక్కలు చేసి... కాళ్ళ కింద... నీళ్ళలో నానుతున్నాయి కదా అని. కింద పిల్లల ఉయ్యాలలు ఉన్నాయి కదా అని. మల్లేశం పెట్టాడు కానీ పెట్టించింది నేనే. బస్తాల కింద ఉన్నాయి. నువ్వు గోవాలో ఉన్నావు. చెబుదామనే అనుకున్నాను."

వైశాలి టైలు వంక చూసింది. నా వంక చూసింది. లేచి మేడ మీదికి వెళ్ళి పది నిమిషాలకి తిరిగి వచ్చింది, చేతులకి ఇసక అంటుకుని ఉంది. మేడమ్‌కి ఫోన్ చేసి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. నాకు 'మదర్' అన్న మాట మూడుసార్లు, 'బాత్రూమ్' రెండుసార్లు వినబడ్డాయి. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టింది.

"సుభాషిణి గారా? అన్నపూర్ణేశ్వరిని. ఏ రోజు పెట్టారు?"

"నిర్జల ఏకాదశి మర్నాడండీ. ద్వాదశి. పొద్దున పదింటికి. క్షమించాలండీ, పిల్ల తప్పేమీ లేదు, తను ముట్టుకోవద్దనే చెప్పింది..."

"ఆగండాగండి. ద్వాదశి అంటే..." అని ఆవిడ క్యాలెండరు తిరగేసిన చప్పుడయింది. "లేచినట్టు చూపిన ఆ రెండు శాటిలైటు రోజులకి సరిగ్గా మధ్యలో పడింది. సరే. ఆ టైలు మందం వైశాలికి తెలుసా?"

"మాకే తెలీదండీ."

"మంచిది. ఎవరూ కొలవకండి. ముందు తన లెక్క పాయింటు తర్వాత అంకెతో సహా నాకు రాసి పంపమనండి. అది నాకు చేరాక కొలవండి."

వైశాలి పంపింది, ఎనిమిది పాయింటు మూడు అని. చేరిందని జవాబు వచ్చాక తన బ్యాగులోంచి పట్టకారు లాంటి కొలత పరికరం తీసింది. వాళ్ళ నాన్న కళ్ళజోడు సవరించుకుని పక్కన నిలబడ్డారు. నేను కళ్ళు మూసుకున్నాను, తేడా వస్తే నా వల్ల రెండోసారి కూడా అన్యాయమైపోతుందని.

"ఎనిమిది పాయింటు ఏడు" అని చదివారాయన.

అర మిల్లీమీటరు కూడా తేడా లేదు. ఆయన చప్పట్లు కొట్టారు. వైశాలి మాత్రం టైలు బల్ల మీద పెట్టి, సగం రాసిన ఉత్తరం చెరిపేసి, మళ్ళీ పనిలో కూర్చుంది. నాతో మాట్లాడలేదు.

సోమవారం మాట్లాడలేదు. మంగళ, బుధవారాలూ లేదు. "టిఫిను", "తాళంచెవి" లాంటివి గాల్లోకి అనేది. కోపం తెచ్చుకునే హక్కు ఆ పిల్లకుంది, కాదనను. ఐదేళ్ళ పనిని తన చేత్తోనే చంపుకోబోయింది, కారణం తెలిసిన మనిషి పక్కనే గొడుగు పట్టుకుని నిలబడి ఉండగా. గురువారం పొద్దున నీలంచీర కట్టుకుని బయల్దేరింది. టైలు ఒక గుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. నేను గుమ్మంలో ఎదురు రాబోయి, ఎదురు రావడం వల్ల కూడా ఏదైనా అవుతుందేమోనని పక్కకి తప్పుకున్నాను.

పదకొండింటికి కమిటీ. పన్నెండయింది, ఒంటిగంటయింది. రెండు సందేశాలు పంపాను. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు లేదు. ఆయన "మాట్లాడుతూ ఉంటారు" అన్నారు. కమిటీ వాళ్ళు మా పిల్లని నిలబెట్టి, ఇంట్లో వాళ్ళనే కట్టడి చేసుకోలేనిదానివి దేశాన్నేం కొలుస్తావని అడుగుతున్నట్టు నాకు వినబడుతూనే ఉంది.

నాలుగు గంటలకి లిఫ్టు తలుపు చప్పుడయింది. వైశాలి వచ్చింది. బ్యాగు సోఫా మీద పడేసింది.

"ఏమన్నారే?"

మంచినీళ్ళు తాగింది. మేడ మెట్ల వైపు నడిచింది. ఆయన నాకు కళ్ళతో సైగ చేశారు, వెళ్ళమని. వెనకే ఎక్కాను.

పైన ఎండగా ఉంది, గాలీ బాగుంది. రేకు ముందు నిలబడి చూస్తోంది. నేను రెండు గజాల దూరంలో ఆగాను.

"తీసేయమన్నారా?" అన్నాను.

రేకు అంచుకి అంటిన ఈకని తీసి పారేసింది.

"నా పేరు చెప్పావా? చెప్పే ఉంటావులే. చెప్పాలి కూడా. కావాలంటే నేను వచ్చి చెబుతాను, నాకు హిందీ వచ్చు. ఇప్పటికిప్పుడు మల్లేశాన్ని పిలిపించి ముక్కలు తీయించేయమన్నా తీయిస్తాను. లేకపోతే ముట్టుకోనే ముట్టుకోను. ఈ వైపుకే రాను. చంటిపిల్లప్పటినించీ నీకేదో అవుతుందని భయపడ్డం తప్ప నాకింకో పని చేతకాలేదు వైశూ. సముద్రమన్నావు, భయపడ్డాను. నేలన్నావు, భయపడ్డాను. నువ్వు చేసేది నాకు అర్థం కాదు. అర్థం కానిదాన్ని కాపాడబోయి ఇలా చేశాను. తిట్టు. నాలుగు రోజులనించి నువ్వు తిట్టకపోతే ఏదోలా ఉంది."

పావురాలు రెండు వచ్చి ట్యాంకు మీద వాలాయి. వైశాలి వంగి, ఒక బస్తా కొంచెం జరిపి, కింద ఉన్న టైలు ముక్కని వేలితో తడిమి చూసింది. మళ్ళీ బస్తా సరిగ్గా పెట్టింది. లేచి చేతులు దులుపుకుంది. పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కింద ఉయ్యాలల వైపు చూసింది. అక్కడ ఎవరో పిల్ల కిలకిలా నవ్వుతోంది. ఒక విమానం వచ్చి, మా మీదుగా వెళ్ళి, దాని చప్పుడు కూడా పూర్తిగా పోయింది.

అప్పుడు నా వైపు తిరిగింది.

"ఇంకో మూడేళ్ళు ఇచ్చారు. కానీ ఒక్కసారి సరిపోతే కాకతాళీయం అన్నారు. మళ్ళీ చేసి చూపించాలిట. అందుకని, వచ్చే నెలలో నీ ఇష్టం వచ్చిన రోజు ఇంకో టైలు పెట్టించమ్మా. ఎప్పుడు పెట్టావో, ఏం పెట్టావో మేడమ్‌కి చెప్పు. చచ్చినా నాకు మాత్రం చెప్పకు."